అరకు - పాడేరు - లంబసింగి సైకిల్ టూర్: ఎటునుంచి ఎక్కాలి, ఎక్కడ ఆగాలి?

తొక్కుడుబిళ్ళ
డిసెంబర్ మొదటి వారంలో నేనూ మా చెల్లీ ఒక టూర్ అనుకుంటున్నాం. వైజాగ్ నుంచి ఎస్.కోట మీదుగా అరకు, అక్కడి నుంచి డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు, తర్వాత జి.మాడుగుల, చింతపల్లి, లంబసింగి, చివరికి నర్సీపట్నం దిగి ఇంటికి. తాపీగా నాలుగైదు రోజుల్లో. మా సైక్లింగ్ గ్రూపులో ఈ మాట అనగానే అందరిదీ ఒకటే పాట. "అరకు ఒక్క రోజులో కొట్టి రావాలి గానీ అన్ని రోజులు ఏం చేస్తారు అక్కడ?" అని. నాకు టైమింగ్ కొట్టాలని లేదు. కొండల్లో పాత ఊళ్ళు చూడాలి, సంతలో తిరగాలి, కాఫీ పళ్ళు కోస్తుంటే చూడాలి. ఇది సైక్లింగ్ కాదంటే ఎలా?

అడగాల్సినవి ఇవి. నాది ముందు 3, వెనక 7 గేర్ల హైబ్రిడ్ సైకిల్, వి-బ్రేకులు (రబ్బర్లు రిమ్ముని పట్టేవి). ఘాట్‌కి సరిపోతుందా? ఎస్.కోట వైపు నుంచి ఎక్కడం మేలా, నర్సీపట్నం వైపు నుంచా? రోడ్డుకి దూరంగా ఉండే కొండ శిఖర గ్రామాలకి సైకిల్ మీద వెళ్ళొచ్చా? ఇద్దరం ఆడపిల్లలం అని అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది, దానికి కూడా ఏదైనా చెప్పండి.

ఘాట్_గిరి
ఎస్.కోట నుంచే ఎక్కండి. వైజాగ్ నుంచి ఎస్.కోట దాకా 50 కి.మీ. పైచిలుకు, చదును. బౌడారా దాటాక ఎక్కుడు మొదలవుతుంది. ఇది పొడుగైన ఘాట్, కానీ మెత్తని ఘాట్. సగటున 100 మీటర్లకి 3 మీటర్లు లేస్తుంది, మలుపుల దగ్గర మాత్రం దానికి రెట్టింపు. ఒక లయలో తొక్కుతూ పోవచ్చు. లంబసింగి ఘాట్ పొట్టిది, నిటారుగా ఉంటుంది. మూటాముల్లెతో డౌనూరు నుంచి పైకి రావాలంటే మోకాళ్ళు మూలుగుతాయి.

చైన్_గ్రీజు
గేరు సంగతి నేను చెప్తాను. పెడల్ దగ్గరున్న పళ్ళ చక్రాల్లో అన్నిటికంటే చిన్నదాని పళ్ళు లెక్కపెట్టండి. మీ రకం సైకిళ్ళకి మామూలుగా 28 ఉంటాయి. వెనక పెద్దది కూడా 28 అయితే, పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది. అంటే 2 మీటర్ల పైన కొంచెం. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి ఏడున్నర కి.మీ. వేగం. సామానుతో ఎక్కడానికి ఆ వేగం చాలు. వెనక 34 పళ్ళది వేయించుకుంటే ఇంకా హాయి, ఖర్చు కూడా తక్కువే. వేలకి వేలు పోసి కొత్త సైకిల్ కొనమని ఎవరైనా చెబితే వినొద్దు.

రాండో_రాజు
ఒక్క రోజులో కొట్టేవాళ్ళని అంత తేలిగ్గా తీసిపారేయకండి. బ్రెవే అంటే గడువు పెట్టి తొక్కే దూరపు సైకిల్ యాత్ర, 200 కి.మీ. అయితే 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి. ఆ టైముకి అరకు ఘాట్ ఎక్కి దిగి వచ్చినవాడికి తన శరీరం గురించి తెలిసేది వేరే విధంగా తెలీదు. ఎక్కడ నీళ్ళు తాగాలి, ఎప్పుడు తినాలి, ఎంత దాకా ఓర్చుకోగలం, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. టూరింగ్ మంచిదే. దానికోసం ఇంకొకళ్ళ ఆటని చిన్నబుచ్చక్కర్లేదు.

తొక్కుడుబిళ్ళ
@రాండో_రాజు గారూ, చిన్నబుచ్చలేదు. నన్ను చిన్నబుచ్చుతున్నారనే ఇక్కడికి వచ్చాను :) బ్రెవే చేసేవాళ్ళంటే నాకు గౌరవమే.

రాండో_రాజు
అయితే గొడవే లేదు. ఒక సలహా. తెల్లవారుజామున 4కి బయల్దేరండి. ఎస్.కోటలో టిఫిన్, ఎండెక్కే లోపు ఘాట్‌లో సగం. డిసెంబర్‌లో సాయంత్రం 5:30 కల్లా పొద్దు వాలిపోతుంది, కొండల్లో ఇంకా ముందే చీకటి పడుతుంది. చీకటిపడ్డాక ఘాట్ మీద ఉండొద్దు.

కాకినాడ_కాజా
మొదటి రోజే అరకు దాకా ఎందుకు? టైడాలోనో అనంతగిరిలోనో ఆగొచ్చుగా. 110 కి.మీ. పైన, అందులో సగం ఎక్కుడు, సామానుతో. చెల్లి కూడా ఉందన్నారు.

ఘాట్_గిరి
కాజా చెప్పింది కరెక్టు. అనంతగిరిలో రాత్రి ఉంటే మర్నాడు గాలికొండ వ్యూపాయింట్ పొద్దున్నే దొరుకుతుంది, కింద లోయంతా మంచు పరుచుకుని ఉంటుంది. తర్వాత సుంకరమెట్ట దగ్గర కాఫీ తోటల మధ్య రోడ్డు. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ. ఆ నీడలో తొక్కుతుంటే ఎక్కుడని కూడా అనిపించదు. డిసెంబర్ అంటే పళ్ళు ఎర్రగా మాగి కోత జోరుగా ఉండే కాలం. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాఫీ పండించే రైతులు చాలామంది ఎకరం, రెండెకరాల గిరిజనులే.

నల్గొండ_నవీన్
వలిసె పూలు ఎప్పుడుంటయ్ అన్నా? పసుపు పచ్చగ పొలాలన్నీ నిండిపోయిన ఫోటోలు చూసిన. మేం హైదరాబాద్ నుంచి రావాలె.

ఘాట్_గిరి
నవంబర్ అయితే ఖాయం తమ్ముడూ. డిసెంబర్‌లో ఆలస్యంగా చల్లిన మళ్ళలో అక్కడక్కడ. వలిసెలు అంటే ఫోటో దిగడానికి వేసినవి కాదు, నూనెగింజలు. మడిలోకి దిగి తొక్కేస్తే ఆ రైతు గింజలు పోయినట్టే. ఈ మధ్య మడి పక్కన 20 రూపాయలో ఎంతో తీసుకుని లోపలికి పంపుతున్నారు. ఇచ్చి వెళ్ళండి, గట్టు మీద నిలబడండి.

సియెనా_సిరి
ఇటలీలో చదువుకుంటున్నాను, సియెనాలో. ఇక్కడ టస్కనీలో కొండల మీద పాత ఊళ్ళు చూడటానికే ప్రపంచమంతా సైకిళ్ళు వేసుకుని వస్తారు. ఒక్క తేడా ఏంటంటే ఇక్కడ ఊరు శిఖరం మీదే ఉంటుంది. రోజంతా దిగుతూ ఎక్కుతూ అలసిపోయాక, చివర్లో ఊరి గుమ్మం ముందు అన్నిటికంటే నిటారు ఎక్కుడు కాచుకుని ఉంటుంది. వోల్తెర్రా 500 మీటర్ల పైన. సాన్ జిమిన్యానోలో పాత రాతి బురుజులు 14 మిగిలాయి, దూరం నుంచే కనిపిస్తాయి. మా ఊళ్ళో ప్రొఫెషనల్ రేసు చివర్లో ఎక్కే సందు 16 శాతం ఏటవాలు, నడిచినా ఆయాసం వస్తుంది.

ఇంకో మంచి సంగతి. ఇక్కడ తారు వేయని తెల్లమట్టి రోడ్లున్నాయి. వాటికి తారు వేసేస్తే పోతాయని, 1997లో గయోలె అనే చిన్న ఊళ్ళో పాతకాలపు సైకిళ్ళతో "ఎరోయికా" అనే యాత్ర మొదలుపెట్టారు. సైకిల్ తొక్కేవాళ్ళు వస్తుంటే ఆ రోడ్లకి విలువ తెలిసి కాపాడుకున్నారు. మన ఏజెన్సీలో కూడా అలా కొన్ని మట్టిదారులు ఉంచేయొచ్చు కదా అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

గెడ్డ_ఒడ్డు
సిరి గారూ, మాది హుకుంపేట మండలం. మీ మాట మంచి మనసుతో అన్నదే. కానీ మా దగ్గర మట్టిదారి అంటే అర్థం వేరు. కొండ శిఖర గ్రామాల్లో రోడ్డు లేక ఇప్పటికీ డోలీ మోస్తున్నారు. కర్రకి దుప్పటి కట్టి, అందులో నిండు గర్భిణిని కూర్చోబెట్టి, నలుగురు మార్చుకుంటూ కొండ దిగుతారు. వానాకాలంలో గెడ్డ (వాగు) పొంగితే అది కూడా కుదరదు. దారిలోనే కాన్పులైన ఇళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నాయి. తారు పడితే మా ఊరి అందం పోతుందని మాలో ఎవరూ అనుకోరు. గిరిజనుల కోసం కేంద్రం పెట్టిన పీఎం జన్‌మన్ పథకం కింద రోడ్డు శాంక్షన్ అయిందంటే ఊరు ఊరంతా పండగ చేసుకుంటుంది.

సియెనా_సిరి
మీరు చెప్పింది చదివాక ఆ పోలిక అక్కడికి పనికిరాదని అర్థమైంది. ఇక్కడ ఆ మట్టిదారి పక్కనే ఇంకో తారురోడ్డు ఉంటుంది, అంబులెన్స్ దాని మీద వస్తుంది. అదీ అసలు తేడా. ఒకటి అడగొచ్చా? ఇక్కడ ఊళ్ళు కొండెక్కడానికి కారణాలు చెబుతారు. పూర్వం దాడుల భయం, పల్లంలో చిత్తడి నేలలు, మలేరియా. మీ దగ్గర శిఖరం మీదికి ఎందుకు వెళ్ళారు?

గెడ్డ_ఒడ్డు
ఎక్కువ ఊళ్ళు శిఖరం మీద ఉండవు. ఊట ఎక్కడుంటే ఊరు అక్కడ. కొండ వాలులో నీటి ఊట, దాని కింద మెట్లు మెట్లుగా వరి మళ్ళు, పైన పోడు. ఇళ్ళు వరసగా, ఎదురెదురుగా, మధ్యలో వీధి. పైపైకి వెళ్ళిన ఊళ్ళవి చాలావరకు పోడు కోసం వెళ్ళినవే. పల్లం భూములు అప్పుల కింద షావుకార్ల చేతికి పోయాక పైకి జరిగిన కుటుంబాలూ ఉన్నాయి. అలా పోకుండా ఉండటానికే 1970లో 1/70 చట్టం వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడానికి లేదు. మలేరియా మాత్రం మాకు పైనా కిందా రెండు చోట్లా ఉంది. దోమతెర తెచ్చుకోండి అక్కా.

ఇక అసలు ప్రశ్న, పై ఊళ్ళకి సైకిల్ మీద వెళ్ళొచ్చా అని. వెళ్ళొచ్చు. మావాళ్ళు ఆదరిస్తారు. కొన్ని సంగతులు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఊళ్ళోకి రాగానే ఫోన్ తీయొద్దు. ముందు కూర్చోండి, మాట్లాడండి. ముసలమ్మల ముక్కుపోగులు, పచ్చబొట్లు చూసి అడక్కుండా ఫోటోలు తీసుకునేవాళ్ళని చూస్తే మాకు కడుపు మండుతుంది. పిల్లలకి చాక్లెట్లు విసరొద్దు. ఇప్పుడు సైకిల్ కనిపిస్తే చాలు పరిగెత్తుకొచ్చి చెయ్యి చాస్తున్నారు, వాళ్ళకి ఆ అలవాటు చేసింది టూరిస్టులే. ఇవ్వాలనుంటే బడికి వెళ్ళి మాస్టారికి నోటుపుస్తకాలు ఇవ్వండి.

మాడుగుల_మావయ్య
గెడ్డ_ఒడ్డు బాబూ, ఈ థ్రెడ్‌లో అందరూ చదవాల్సిన మాట చెప్పావు. రెండోసారి కూడా చదవండయ్యా.

నల్గొండ_నవీన్
చాక్లెట్ల మాట నిజమన్నా. మా దిక్కు నల్లమలల చెంచు పెంటల కాడ గూడ ఇదే కథ. ఫర్హాబాద్ పోయేటోళ్ళు జీపుల నుంచి బిస్కెట్లు విసురుతరు. మనుషులకు విసిరేదేంది అసలు.

డాక్టర్_పెడల్
ఇంకొకటి కలుపుతాను. ఇరుకు దారుల్లో ఫీడర్ అంబులెన్స్ బైకులు తిరుగుతుంటాయి, పక్కన పడక కట్టి ఉంటుంది. హారన్ వినిపిస్తే సైకిల్ దిగి పూర్తిగా పక్కకి లాగేయండి. ఎక్కుడులో ఆ బండి ఒకసారి ఆగిపోతే మళ్ళీ ఎత్తడం కష్టం.

మలేరియాకి దోమతెర, పొడుగు చేతుల చొక్కా, సాయంత్రం నుంచి దోమల క్రీము. తిరిగొచ్చాక వారాల్లోనైనా, నెలల తర్వాతైనా చలిజ్వరం వస్తే "ఏజెన్సీకి వెళ్ళొచ్చాం" అని డాక్టర్‌కి చెప్పి రక్తపరీక్ష అడగండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే వైరల్ అనుకుని రోజులు గడిచిపోతాయి.

చైన్_గ్రీజు
దిగుడు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఎక్కేటప్పుడు ఏమీ కాదు, ఆయాసమొస్తే ఆగుతాం. ప్రాణం మీదికొచ్చేది దిగేటప్పుడే. సైకిల్, మనిషి, సామాను కలిపి 100 కిలోలు అనుకోండి. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి 900 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 880 కిలోజౌళ్ళు. రెండున్నర లీటర్ల చన్నీళ్ళు కాగి మరగడానికి ఇంచుమించు అంతే పడుతుంది. కొంత గాలి తినేస్తుంది. నెమ్మదిగా బ్రేకు పట్టుకుని దిగేకొద్దీ గాలి వాటా తగ్గి, ఆ వేడంతా మీ రిమ్ములోకి పోతుంది. వి-బ్రేకు రిమ్ము అదే పనిగా వేడెక్కితే లోపల ట్యూబు పేలుతుంది. లంబసింగి దిగుతూ నా ముందున్న ఫ్రెండ్‌కి అదే జరిగింది. అదృష్టవశాత్తూ వేగం తక్కువ, మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది.

అందుకని బ్రేకు అదే పనిగా పట్టుకోవద్దు. మలుపుకి ముందు గట్టిగా పట్టండి, వదిలేయండి. ముందుదీ వెనకదీ మార్చి మార్చి వాడండి. నాలుగైదు మలుపులకోసారి ఆగి రిమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తగలకుండా. సెగ కొడితే పది నిమిషాలు కూర్చోండి. ఎలాగూ చూడ్డానికి వెళ్ళారు కాబట్టి కూర్చుంటే నష్టం లేదు. మంచులో రిమ్ము తడిసి ఉంటే బ్రేకు ఆలస్యంగా పడుతుంది, పొద్దున్నే దిగేటట్టయితే అది కూడా గుర్తుపెట్టుకోండి. బయల్దేరే ముందు కొత్త బ్రేకు రబ్బర్లు, ఇంకో జత సంచిలో.

రాండో_రాజు
దీనికి వంద మార్కులు. డిస్క్ బ్రేకులున్నవాళ్ళు కూడా ధీమాగా ఉండొద్దు, ప్యాడ్లు మాడితే అవి కూడా పట్టు వదిలేస్తాయి.

తొక్కుడుబిళ్ళ
చైన్_గ్రీజు గారి లెక్క అమ్మకి చూపించకూడదు :) కానీ చాలా థాంక్స్. రబ్బర్లు ఈ వారమే మారుస్తాను. దారిలో రిపేరు షాపులు ఉంటాయా?

చైన్_గ్రీజు
ఎస్.కోట, అరకు, పాడేరు, చింతపల్లి, నాలుగు చోట్లా సైకిల్ షాపులున్నాయి. అయితే అవి మామూలు సైకిళ్ళ షాపులు. పంక్చర్ వేస్తారు, చువ్వ బిగిస్తారు, చైను అతుకుతారు. పల్లెల్లో ఆ మేస్త్రీల చేతి పని గట్టిది. మీ సైజు ట్యూబు మాత్రం దొరకదు. సన్నటి ప్రెస్టా వాల్వు అయితే వాళ్ళ పంపు పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ పదుల రూపాయల్లో వస్తుంది, వాల్వుకే తగిలించి ఉంచండి. మనిషికి రెండు ట్యూబులు.

కాకినాడ_కాజా
ఎక్కుడు వద్దనుకునేవాళ్ళకి రైలు ఉంది కదా, అది కూడా చెప్పండి.

ఘాట్_గిరి
పొద్దున వైజాగ్ నుంచి కిరండూల్ రైలు. కొత్తవలస - కిరండూల్ లైను 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కి పంపడానికి వేసింది. సొరంగాల మీద సొరంగాలు. శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. సైకిల్ని ముందే పార్సిల్ ఆఫీసులో లగేజీ కింద బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో ఎక్కించాలి. పెడల్స్ విప్పేసి, గేర్లు మార్చే డీరైలర్ చుట్టూ గుడ్డ చుట్టండి. అరకులో దిగి అక్కడి నుంచి పాడేరు వైపు తొక్కితే ఘాట్ ఎక్కే పని లేదు. నవీన్ తమ్ముడూ, హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడూ ఇదే పద్ధతి. బుకింగ్ కోసం రైలుకి గంటన్నర ముందు స్టేషన్‌లో ఉండు.

మాడుగుల_మావయ్య
మీ రూటులో ఒక లోటుంది తల్లీ. లంబసింగి నుంచి దిగిపోతే పాడేరు ఘాట్ చూడరు. పాడేరు నుంచి మినుములూరు, వంట్లమామిడి, గరికబంద మీదుగా మా వైపు దిగే దారి అది. ఘాట్‌లో మోదకొండమ్మ పాదాల దగ్గర ప్రతి బండీ ఆగుతుంది, మీరూ ఆగుదురు గాని. కింద దిగితే మాడుగుల. హల్వా సంగతి నేను చెప్పక్కర్లేదు. గోధుమ పాలు తీసి పులియబెట్టి, నెయ్యి పోసి గంటల తరబడి కలియబెడతారు. సైకిల్ తొక్కేవాళ్ళకి దానంత బలం ఏ పొట్లంలో అమ్మే జెల్లులోనూ లేదు.

ఘాట్_గిరి
మావయ్యా, హల్వా కోసం చింతపల్లి, లంబసింగి వదులుకోమంటారా!

మాడుగుల_మావయ్య
వదులుకోమనడం లేదు. ఇంకోసారి రమ్మంటున్నాను.

డాక్టర్_పెడల్
చింతపల్లి వదులుకోవద్దు. నా మట్టుకు ఈ రూటులో అన్నిటికంటే విలువైన భాగం చింతపల్లి నుంచి నర్సీపట్నం దాకా ఉన్న రోడ్డే. మీరు హాయిగా దిగబోయే ఆ రోడ్డు ఎలా వచ్చిందో తెలుసుకుని దిగండి. గూడెం డిప్యూటీ తహశీల్దార్ బాస్టియన్ హయాంలో నర్సీపట్నం, చింతపల్లి మధ్య రోడ్డు పనికి గిరిజనులని బలవంతంగా పట్టుకెళ్ళారు. చాలీచాలని కూలి, ఒక్కోసారి అదీ లేదు. మరోవైపు అటవీ చట్టాలు పోడుని ఆపేశాయి. అల్లూరి సీతారామరాజు వెనక మన్యం కదిలింది ఈ కడుపుమంటతోనే. 1922 ఆగస్టు 22న మొదటి దాడి చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, ఈ కొండల్లో కాలినడకన. తుపాకులు పట్టుకెళ్ళి, ఏమేం తీసుకున్నారో రాసిచ్చి మరీ వెళ్ళారు. 1924 మే 7న రాజుని కాల్చేశారు, సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. అటువైపు వెళ్ళే వీలుంటే వెళ్ళండి. 2022లో పాడేరు కేంద్రంగా వచ్చిన జిల్లాకి ఆయన పేరే పెట్టారు.

గెడ్డ_ఒడ్డు
రాజు గారితో పాటు గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు కూడా చెప్పండి డాక్టర్ గారూ. మా ఊళ్ళలో ఆ పేర్లు ఇంకా చెప్పుకుంటారు.

డాక్టర్_పెడల్
తప్పకుండా. రాజు పోయాక కూడా గంటందొర పోరాడాడు, దాదాపు నెల రోజులకి ఆయన్నీ కాల్చేశారు. పట్టుబడి అండమాన్ వెళ్ళొచ్చిన మల్లుదొర తర్వాత 1952లో పార్లమెంటుకి ఎన్నికయ్యాడు.

నల్గొండ_నవీన్
ఇది చదివినంక నేను గూడ లంబసింగి ఘాట్ చేస్త. దిగుడు కాదు, ఎక్కుడే.

ఘాట్_గిరి
తమ్ముడూ, 34 పళ్ళది వేయించుకో ముందు :)

తొక్కుడుబిళ్ళ
తిండి గురించి కూడా చెప్పండి. బొంగు చికెన్ అని అందరూ చెబుతున్నారు గానీ నేను శాకాహారిని.

గెడ్డ_ఒడ్డు
చోడి (రాగి) అంబలి ఉంది అక్కా. పొద్దున్నే మా ఇళ్ళలో అదే తాగి పొలానికి వెళ్తారు. చల్లగా, కొంచెం పులుపుగా ఉంటుంది. ఎక్కుడు ముందు ఒక చెంబుడు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి తెలీదు. సామ అన్నం, కందిపప్పు, చింతపల్లి వైపు రాజ్‌మా, చిలగడదుంపలు. సంతలో సీజన్‌ని బట్టి పళ్ళు. జీలుగు కల్లు ఎవరైనా ఆప్యాయంగా ఇస్తారు, సైకిల్ మీద ఉన్నప్పుడు మాత్రం నవ్వుతూ వద్దనండి. ఎవరూ ఏమీ అనుకోరు.

బస కోసం మాత్రం మావాళ్ళు నడిపే హోమ్‌స్టేలు వెతకండి. 1/70 ఉన్న చోట బినామీ పేర్లతో లేచిన రిసార్టులు చాలా ఉన్నాయి. ఆ డబ్బు కొండ దిగిపోతుంది. ఊళ్ళో ఉండే ఇల్లు అయితే మీ రాత్రి అద్దె ఆ ఇంటికే.

డాక్టర్_పెడల్
అమ్మగారి టెన్షన్ విషయం. ఏ రోజు ఏ ఊళ్ళో ఆగుతున్నారో కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. లోపలి ఊళ్ళలో సిగ్నల్ ఉండదు, కాబట్టి "ఫోన్ కలవకపోతే కంగారు పడొద్దు, రాత్రి 7కి చేస్తాను" అని ముందే చెప్పండి. నాకు తెలిసిన ఇద్దరు టీచరమ్మలు ఇదే రూటు చేశారు. వాళ్ళకి ఊళ్ళలో ఇబ్బంది ఎక్కడా కలగలేదు. ఇబ్బందల్లా వ్యూపాయింట్ల దగ్గర తాగి అరిచే కార్ల బ్యాచ్‌లతోనే.

కాకినాడ_కాజా
అందుకే శని, ఆదివారాలు లంబసింగి, పాడేరు దగ్గరి వంజంగి పడకుండా చూసుకోండి. డిసెంబర్ వీకెండ్‌లో తెల్లవారకముందే కార్లు బారులు తీరతాయి. మబ్బులు చూద్దామని వెళ్ళి పొగ పీల్చుకుని వస్తాం. ఇంకోటి, జాతీయ రహదారి 516ఇ పనులు జరుగుతున్న చోట దుమ్ము కళ్ళలో కొడుతుంది. కళ్ళద్దాలు, ముక్కుకి కండువా.

రాండో_రాజు
వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించి ఉంచండి. మంచులో లారీవాడికి మీరు పది అడుగుల దూరం దాకా కనిపించరు. చెల్లిని ముందు పెట్టి మీరు వెనక ఉండండి. వేగం ఆమెది, కాపలా మీది.

తొక్కుడుబిళ్ళ
అందరి మాటా విన్నాక ప్లాన్ ఇలా మారింది. మొదటి రాత్రి అనంతగిరి. రెండోది అరకు దాటి డుంబ్రిగుడ వైపు ఏదైనా ఊళ్ళో. చాపరాయి ఎలాగూ దారిలోనే. తర్వాత పాడేరు, తర్వాత చింతపల్లి, శుక్రవారం లోపు లంబసింగి దిగిపోవడం. రోడ్డు లేని పై ఊళ్ళకి సైకిల్ వేసుకుని మా అంతట మేం వెళ్ళం. ఎవరైనా పిలిస్తే సైకిల్ కింద పెట్టి నడిచి వెళ్తాం. గెడ్డ_ఒడ్డు గారూ, మీ మండలంలో బడికి ఏం కావాలో ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, క్యారియర్ మీద చోటుంది.

గెడ్డ_ఒడ్డు
పెట్టాను అక్కా. బరువు తక్కువవే రాశాను, ఘాట్ ఎక్కాలి కదా. ఏప్రిల్‌లో ఇటుకల పండగ అప్పుడు వచ్చుంటే దారికి తాడు కట్టి మీ దగ్గర చందా వసూలు చేసేవాళ్ళం. సైకిల్‌కి కూడా మినహాయింపు లేదు :)

కాకినాడ_కాజా
ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నాను. మేం రాజమండ్రి వైపు నుంచి వచ్చి రంపచోడవరం, కొయ్యూరు, కృష్ణదేవిపేట మీదుగా లంబసింగి ఎక్కి వీళ్ళకి చింతపల్లిలో కలవొచ్చా?

ఘాట్_గిరి
రావచ్చు, అది కూడా 516ఇ రోడ్డే. కానీ ఊళ్ళ మధ్య దూరాలు ఎక్కువ, నీళ్ళు మూడు సీసాలు పెట్టుకో. ముందు కొయ్యూరు వైపు రోడ్డు పనులు ఎంతవరకు వచ్చాయో అక్కడివాళ్ళని కనుక్కో. వేరే థ్రెడ్ తెరువు, నా దగ్గర ఉన్న వివరాలన్నీ అందులో పెడతాను.